వాగు దాటాక ఒడ్డున కూర్చునే పది నిమిషాలు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. అక్టోబరు చివర్లో అటవీ శాఖ అనుమతి తీసుకుని నలుగురు నల్లమలకు వస్తున్నారు. మన్ననూరులో బస, రెండు రోజులు పగటి నడక. దారిలో రోజుకు ఐదారు చోట్ల వాగులు, ఒర్రెలు దాటాలి. పోయిన ఏడాది ఇలాగే వెళ్తే మొదటి వాగులోనే షూ తడిసిందని, సాయంత్రానికి మడమల నిండా బొబ్బలొచ్చి రెండో రోజు నడక మానుకున్నారని రాశారు. ఈసారి ఖరీదైన వాటర్‌ప్రూఫ్ షూ కొనాలా, రాళ్ల మీద నుంచి దూకుతూ దాటాలా, షూ విప్పి ఉత్త కాళ్లతో దాటాలా అన్నది మీ సందేహం. మీలో ఒకాయనకు షుగర్ ఉందన్నారు, ఆ సంగతికి చివర్లో వస్తాను.

జవాబు ముందే చెప్పేస్తాను. మూడూ వద్దు. వెనక పట్టీ ఉన్న రబ్బరు శాండల్స్ ఒక జత, మంచి కర్ర ఒకటి, పొడి సాక్సులు మూడు జతలు, పాత నూలు తువ్వాలు ఒకటి పెట్టుకోండి. వాగు దగ్గర షూ, సాక్సులు విప్పి సంచిలో పెట్టి, శాండల్స్‌తో నీళ్లలో దిగి దాటండి. అవతలి ఒడ్డున పది నిమిషాలు కూర్చుని కాళ్లు పూర్తిగా ఆరబెట్టుకుని, అప్పుడు షూ తొడుక్కోండి. వాగులో కాలు తడిస్తే ఏమీ కాదు. ఆ తడి కాలిని అలాగే షూలో పెట్టి మూడు గంటలు నడిస్తేనే బొబ్బలొస్తాయి. ఈ ఒక్క ముక్క నాకు ఒంటబట్టడానికి చాలా ఏళ్లు పట్టింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మాది అచ్చంపేట దగ్గరి పల్లె. 2016లో జిల్లాలు విడిపోయాక నాగర్‌కర్నూల్ అయింది గానీ, నా నోటికి ఇప్పటికీ పాలమూరే వస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా ఈ గుట్టల్లో తిరుగుతున్నాను. ఉమామహేశ్వరం, మల్లెలతీర్థం, చైత్రంలో సలేశ్వరం జాతర, నల్లగొండ వైపు దేవరకొండ, రాచకొండ, ఇవన్నీ కాలినడకన చూసినవే. ఎంత తిరిగినా కాళ్ల సంగతి మాత్రం నాకు అడవి నేర్పలేదు, మా అమ్మ నేర్పింది.

అమ్మ నాట్లకు పోయేది. పొద్దున ఏడింటికి మడిలో దిగితే సాయంత్రం దాకా పిక్కల లోతు బురదే. ఇంటికి రాగానే ముందు కాళ్లు కడుక్కునేది, బావి నీళ్లతో కాదు, పొయ్యి మీద కాగిన గోరువెచ్చని నీళ్లతో. తర్వాత గడప మీద కూర్చుని, పాత చీర ముక్కతో ఒక్కో వేలి సందునూ విడివిడిగా తుడిచేది. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య గుడ్డను దూర్చి, అటూ ఇటూ లాగి మరీ తుడిచేది. ఆ సందులోనే ముందు పుండు పడుతుందని చెప్పేది. ఆ తర్వాత నూనెలో పసుపు కలిపి రాసుకుని, రాత్రంతా కాళ్లు గాలికి పెట్టుకుని పడుకునేది. ఆషాఢంలో అరికాళ్లకూ వేళ్లకూ గోరింటాకు పెట్టుకోవడం కూడా నాట్ల నీళ్లకు కాళ్లు చెడిపోకుండా ఉండటానికేనని మా వైపు పెద్దవాళ్లు చెప్తారు. పది గంటలు నీళ్లలో నిలబడ్డ కాలు మర్నాడు మళ్లీ మడిలో దిగేదంటే, రాత్రంతా అది పొడిగా ఉండబట్టే.

సైన్యాలు కూడా ఇదే పాఠం నేర్చుకున్నాయి, కాకపోతే చాలా కష్టపడి. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లోని చల్లటి నీళ్లలో రోజుల తరబడి నిలబడిన సైనికుల కాళ్లు మొద్దుబారి, వాచి, కొందరివి తీసేయాల్సిన దాకా వచ్చాయి. బ్రిటిష్ సైన్యం చివరికి చేసిందేమిటంటే, సాక్సులు మార్చుకోవడం, కాళ్లు తుడుచుకుని తిమింగలం నూనె రాసుకోవడం, ఒకరి కాళ్లు ఒకరు చూసుకోవడం తప్పనిసరి చేసింది. వియత్నాం యుద్ధంలో నీళ్లు వెచ్చనివే, అయినా వరిమళ్లలో రెండు మూడు రోజులు ఆరకుండా నడిచిన అమెరికా సైనికుల అరికాళ్లు ముడతలు పడి, నొప్పితో అడుగు వేయలేని స్థితికి వచ్చాయి. కాబట్టి మనది వేడి ప్రాంతం కదా, ఏమవుతుందిలే అనుకోకండి. మీ రెండు రోజుల నడకలో అంత దూరం పోదు. బొబ్బల దగ్గరే ఆగుతుంది. కానీ జరిగే పని ఒకటే: చర్మం పై పొర నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది, తెల్లగా మెత్తబడుతుంది. మెత్తబడిన చర్మానికి సాక్సు అంటుకుని లాగుతుంది. అడుగడుగుకీ ఆ లాగుడు పడితే పై పొర కింది పొర నుంచి విడిపోయి, మధ్యలో నీరు చేరుతుంది. మీ మడమ మీద లేచిన బొబ్బ అదే.

ఇక వాటర్‌ప్రూఫ్ షూ. వాటి మీద మీకు నమ్మకం కుదరడం సహజమే, ప్రకటనల్లో నీళ్లు జారిపోతూ కనిపిస్తాయి. 1969లో అమెరికాలో బాబ్ గోర్ అనే ఆయన, వేడి చేసిన టెఫ్లాన్‌ను, అంటే నాన్‌స్టిక్ పెనాలకు పూసే ప్లాస్టిక్‌ను, ఒక్క ఊపున లాగి చూస్తే అది చిరగకుండా సాగి, కంటికి కనపడనంత సన్నని రంధ్రాలతో పొరలా మారిందని కనిపెట్టాడు. ఆ రంధ్రాల్లోంచి నీటి చుక్క లోపలికి పట్టదు గానీ, చెమట ఆవిరి బయటికి పోతుంది. గోర్‌టెక్స్ అంటే ఇదే. మంచు కురిసే చోట, తడి గడ్డిలో నడిచే చోట, సన్నటి జల్లులో అది బాగా పనిచేస్తుంది.

కానీ షూకి పైన ఒక పెద్ద రంధ్రం ఉంటుంది, మనం కాలు పెట్టేది. మన వాగు చీలమండ దాటి ఒక్క అంగుళం పైకి ఉన్నా నీళ్లు అక్కడి నుంచే లోపలికి వస్తాయి. లోపలికి రానివ్వని పొర బయటికీ పోనివ్వదు. మామూలు బట్ట షూ అయితే నాలుగడుగులు వేయగానే సగం నీళ్లు కక్కేస్తుంది, ఇది మాత్రం బిందెలా పట్టుకుని కూర్చుంటుంది. ఆరడానికి కూడా మామూలు షూ కన్నా చాలా ఎక్కువ సేపు తీసుకుంటుంది. పైగా అక్టోబరులో మన దగ్గర గాలిలో తేమ ఇంకా ఉంటుంది, మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటుంది. బయట గాలి తేమగా, వేడిగా ఉంటే లోపలి ఆవిరి బయటికి పోయే వేగం తగ్గిపోతుంది. వాగులో దిగకుండానే సాక్సులు చెమటతో తడుస్తాయి. నేనొక జత కొని రెండు వర్షాకాలాలు వాడాను. ఇప్పుడవి ఊరికి పోయేటప్పుడు మాత్రమే వేసుకుంటున్నాను. మీ డబ్బు మిగుల్చుకోండి. జాలీ లాంటి బట్ట ఉన్న, తేలికైన, అడుగు భాగం గరుకుగా ఉన్న మామూలు స్పోర్ట్స్ షూ చాలు. అయితే కొత్తది వద్దు, నెల రోజులైనా వాడి కాలికి అలవాటైనది కావాలి.

రాళ్ల మీద నుంచి దూకడం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఆ తప్పు నాది. ఎనిమిదేళ్ల కిందట ఒక వాగు దగ్గర, పిక్కల లోతు కూడా లేని నీళ్లలో, నాతో వచ్చిన స్నేహితుడు షూ విప్పబోతుంటే, "ఎందుకన్నా, ఆ నాలుగు బండల మీద నుంచి వచ్చెయ్, షూ తడవదు" అని అవతలి ఒడ్డు నుంచి నేనే పిలిచాను. మూడో బండ మీద కాలు జారింది. చెయ్యి ఆనించబోయి మణికట్టు విరిగింది. అక్కడి నుంచి రోడ్డుకు నాలుగు కిలోమీటర్లు. చేతిని కండువాతో మెడకు కట్టి, ప్రతి మలుపు దగ్గరా ఆగుతూ నడిపించుకొచ్చాం. దారి పొడుగునా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. షూ తడవకూడదని ఒక మనిషి చెయ్యి విరగ్గొట్టుకున్నాడన్న బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

ఆ బండ ఎందుకు జారిందో తర్వాత అర్థమైంది. అమ్రాబాద్ గుట్టల మీద మీకు కనిపించేది ఎక్కువగా క్వార్ట్‌జైట్ రాయి. ఇసుకరాయి భూమి లోపల వేడికీ ఒత్తిడికీ గట్టిపడితే అయ్యేది అదే. బల్లపరుపుగా పలకలు పలకలుగా విడిపోతుంది, నీళ్లు పారి పారి నున్నగా అవుతుంది. దాని మీద వానాకాలంలో సన్నటి పాచి పడుతుంది. పచ్చగా ఉన్న పాచి కళ్లకు కనిపిస్తుంది కాబట్టి జాగ్రత్తపడతాం. గోధుమ రంగులో రాయిలాగే కనిపించే పాచి ఉంటుంది, మనుషులను పడేసేది అదే. వేలితో రుద్ది చూస్తే సబ్బులా తగులుతుంది. రాచకొండ, దేవరకొండ వైపు అయితే గ్రానైటు. పొడిగా ఉన్నప్పుడు దాని గరుకు మీద షూ గట్టిగా పట్టుకుంటుంది. ఆ పట్టు చూసి ధైర్యం తెచ్చుకున్నవాళ్లు తడి గ్రానైటు మీద పడతారు. ఎక్కడైనా సరే, నీటి అడుగున ఉన్న కంకర, ఇసుక మీద కాలు పెట్టడం, నీటి పైకి తేలిన తడి బండ మీద పెట్టడం కన్నా మంచిది.

ఉత్త కాళ్లతో దిగడం కూడా వద్దనే అంటాను. సలేశ్వరం జాతరలో, చైత్ర పౌర్ణమి రోజుల్లో, 'వస్తున్నాం లింగమయ్యా' అంటూ వేలమంది లోయలోకి దిగుతారు, చాలామంది చెప్పుల్లేకుండానే. అది మొక్కు, దాన్ని నేను కాదనను. పైగా ఎండాకాలం కాబట్టి దారిలో నీళ్లు తక్కువ, అడుగు కనిపిస్తుంది. మీరు వచ్చేది వానలు వెనకబట్టే కాలం. నీళ్లలో విరిగిన వెదురు మోడు ఉండొచ్చు, ముళ్లకంప కొట్టుకొచ్చి ఉండొచ్చు, దారి పక్క వాగుల్లో పగిలిన సీసా పెంకులు కూడా చూశాను. చీలిన కాలితో మిగతా దారి నడవడం కన్నా నరకం లేదు. పైగా చీరుకున్న చర్మం, నానిన చర్మం ద్వారానే ఎలుక జ్వరం క్రిములు ఒంట్లోకి చేరేది. నడక అయిపోయిన రెండు మూడు వారాల్లో గట్టిగా జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గర 'ఫలానా రోజు వాగుల్లో నడిచాను' అన్న మాట తప్పకుండా చెప్పండి. ఆ మాట చెప్పకపోతే ఆయనకు ఆ అనుమానమే రాకపోవచ్చు.

హవాయి చెప్పులు మాత్రం తేకండి. నీటి వాలుకు అవి కాలి నుంచి ఊడిపోతాయి, ఊడిన చెప్పును అందుకోవాలని వంగిన మనిషి కూడా పడిపోతాడు. మడమ వెనక పట్టీ ఉండాలి, తోలు ఉండకూడదు, త్వరగా ఆరేలా తేలికగా ఉండాలి. చెప్పుల షాపులో వానాకాలం శాండల్స్ అని అడిగితే ఇస్తారు.

ఇప్పుడు దాటే పద్ధతి. ఇది నేను నేర్చుకున్నది ఒక చెంచు పెద్దాయన దగ్గర. అటవీ శాఖలో వాచర్‌గా పనిచేసేవాడు, మాకు దారి చూపడానికి వచ్చాడు. వాగు దగ్గరికి రాగానే మేమంతా షూ విప్పే హడావుడిలో ఉంటే, ఆయన నీళ్ల వైపు చూస్తూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత దారి నేరుగా దిగే చోటు వదిలేసి, ఒడ్డు వెంట ఎగువకు ఓ యాభై అడుగులు నడిచాడు. అక్కడ వాగు వెడల్పుగా ఉంది, నీటి పైన చిన్న చిన్న అలలు గలగలమంటున్నాయి. నాకు అది ప్రమాదంగా కనిపించింది, కింద సన్నగా, నిశ్శబ్దంగా ఉన్న చోటే మంచిదనిపించింది. ఆయన ఒక పుల్ల తీసి ఆ నిశ్శబ్దం చోట వేశాడు. రివ్వున కొట్టుకుపోయింది. కర్ర దింపి చూపించాడు, నడుము లోతు. గలగలమనే చోట మోకాలి కిందికే ఉంది. అదే నీళ్లు సన్నటి సందులోంచి పోవాలంటే లోతైనా పెరగాలి, వేగమైనా పెరగాలి. వెడల్పున్న చోట రెండూ తగ్గుతాయి.

ఆయన కర్రను దిగువకు ఆనించలేదు. ఎగువ వైపు, తనకు ఒక మూరెడు ముందు నేలకు గుచ్చి, దాని మీద కొద్దిగా వాలాడు. నీటికి ఎదురుగా, కాస్త ఏటవాలుగా నిలబడి, పక్కకు పక్కకు జరిగాడు. ఒక కాలు కదిలితే ఇంకో కాలూ కర్రా కదలవు. కర్ర కదిలితే రెండు కాళ్లూ కదలవు. పాదాన్ని పైకెత్తడు, నేల మీదే జరుపుతూ, కాలివేళ్లతో అడుగున ఏముందో తడుముకుంటాడు. బరువు మోపే ముందు ఒక్క క్షణం ఆగుతాడు. ఒక పాదాన్ని ఇంకో పాదం దాటి వేయడు. ముప్పై అడుగుల వాగు దాటడానికి ఆయనకు మూడు నాలుగు నిమిషాలు పట్టింది. ఆయన వయసులో, ఆ వాగు పక్కనే పుట్టి పెరిగిన మనిషి అంత నెమ్మదిగా దాటితే, మనం పరుగెత్తాల్సిన పని ఏముంది?

దానికి నేను కలిపేవి రెండే. బ్యాగు నడుము పట్టీ, ఛాతీ పట్టీ నీళ్లలో దిగే ముందే విప్పేయండి. పడితే బ్యాగు వదిలేసి లేవాలి, అది వీపుకు కట్టుకుని ఉంటే ముఖం నీళ్లలోనే ఉండిపోతుంది. షూ లేసులు రెండూ ముడేసి మెడలో వేసుకునే అలవాటు చాలామందికి ఉంది, అది వద్దు. కళ్ల ముందు ఊగుతూ అడుగు కనిపించనివ్వదు, నీళ్లలో జారితే ముందు తడిసేది అవే. సాక్సులు లోపల కుక్కి, షూని పాలిథీన్ కవర్లో మూతి గట్టిగా కట్టి బ్యాగు పైభాగంలో పెట్టండి. కర్ర మాత్రం ఇంటి దగ్గర నుంచే తెచ్చుకోండి, అది పులుల అభయారణ్యం, కొమ్మలు నరకడానికి లేదు.

అవతలి ఒడ్డుకు చేరాక అసలు పని మొదలవుతుంది. అందరూ కంగారు పడేది ఇక్కడే. ముందు చేరినవాళ్లు 'నడవండి నడవండి' అంటారు. వినకండి. ఎండ పడే బండ చూసుకుని కూర్చోండి. ముందు కాళ్లకున్న ఇసుకను అదే వాగు నీళ్లతో కడిగేయండి, ఎందుకంటే ఒక్క ఇసుక రేణువు సాక్సులో ఉన్నా గంటలో మడమ గీరుకుపోతుంది. తర్వాత తువ్వాలుతో అద్దండి, నానిన చర్మాన్ని రుద్దకూడదు. వేళ్ల సందులు ఒక్కొక్కటీ, అమ్మ చేసినట్టే. తర్వాత కాళ్లు చాపి ఊరికే కూర్చోండి, గాలికి వదిలేయండి. అరికాలి మీద ముడతలు తగ్గి, తెల్లదనం పోయి, చర్మం రంగు తిరిగొచ్చిందా చూడండి. వేలితో మడమ మీద రాస్తే అంటుకోకుండా జారాలి. అప్పుడు, ఎక్కడైనా ఎర్రగా కనిపిస్తే దాని మీద మెడికల్ షాపులో దొరికే గుడ్డ టేపు ముడత పడకుండా వేసి, పొడి సాక్సు తొడగండి. బొబ్బ లేచాక వేసే టేపు కన్నా, ఎర్రబడినప్పుడే వేసే టేపు పదింతలు మేలు. ఈలోపు మంచినీళ్లు తాగండి, రెండు ఖర్జూరాలు తినండి. పది నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి.

రోజుకు ఆరు చోట్ల అంటే గంట సేపు ఇక్కడే పోతుంది కదా అని మీకు అనిపిస్తుంది. నిజమే. ఆ గంటను ముందే లెక్కలో వేసుకుని పొద్దున త్వరగా బయలుదేరండి. అయితే రెండు వాగులు దగ్గర దగ్గరగా, పావుగంట నడక దూరంలో ఉంటే మధ్యలో షూ వేసుకోకండి. శాండల్స్‌తోనే నెమ్మదిగా నడిచి రెండోదీ దాటి, అప్పుడు ఒకేసారి ఆరబెట్టుకోండి. దారి మ్యాపులో ఇలాంటి జంట వాగులు ముందే గుర్తుపెట్టుకుంటే ఆరు కాస్తా మూడో నాలుగో అవుతాయి.

సాక్సుల్లో నూలువి వద్దు. నూలు నీళ్లను తనలో దాచుకుంటుంది, సాయంత్రం దాకా ఆరదు. నైలాన్, పాలిస్టర్ కలిసినవి, లేదా సన్నటి ఉన్నివి తీసుకోండి. ఉన్ని తడిసినా నూలులా ముద్దగా కాలికి అతుక్కోదు. ఒకటి కాలికి, ఒకటి బ్యాగుకు బయట పిన్నీసుతో గుచ్చి ఎండకు, మూడోది కవర్లో భద్రంగా. ఆ మూడోది నడకలో ముట్టుకోకండి. అది రాత్రి పడుకునేటప్పటికి. బస చేరాక స్నానం చేసి, కాళ్లు తుడుచుకుని, కొబ్బరి నూనె గానీ వ్యాజిలిన్ గానీ పల్చగా రాసుకుని ఆ పొడి సాక్సులు వేసుకోండి, లేదంటే గాలికి వదిలేయండి. పొద్దున నడకకు ముందు కూడా మడమలకు, వేళ్లకు కొంచెం వ్యాజిలిన్ రాస్తే రాపిడి తగ్గుతుంది.

ఇంత చేసినా ఏదో ఒక చోట జారి షూ తడిస్తే కంగారు పడకండి. లోపలి అట్ట బయటికి తీసి, లేసులు పూర్తిగా వదులు చేసి, పాత దినపత్రిక కాగితాలు ఉండలు చేసి లోపల కుక్కండి. గంటకోసారి కాగితం మార్చండి, మొదటి రెండుసార్లకే చాలా తడి లాగేస్తుంది. తర్వాత ఫ్యాను కింద పెట్టండి. పొయ్యి దగ్గర, మంట దగ్గర పెడితే అడుగు అంటించిన జిగురు వదిలేస్తుంది, మర్నాడు దారి మధ్యలో షూ అడుగు ఊడి చేతికొస్తుంది. పొద్దున షూ వేసుకునే ముందు తిరగేసి దులపండి. తేళ్లు చీకటి, వెచ్చదనం ఉన్న చోటు వెతుక్కుంటాయి.

ఇక అసలు దాటకూడని సమయం. అక్టోబరులో బంగాళాఖాతంలో వాయుగుండం పడితే మన గుట్టల మీద ఒక్క రోజులో కుండపోతగా కురుస్తుంది. మీరు నిలబడ్డ చోట ఎండ కాస్తుండొచ్చు, ఎగువన పడిన వాన మీ దగ్గరికి గంట తర్వాత వస్తుంది. ఆ పెద్దాయనే ఒకసారి సగం దూరం దిగి వెనక్కి తిరిగి, "సారూ, జర ఆగుర్రి, నీళ్ల రంగు మారింది" అన్నాడు. నాకేమీ తేడా కనిపించలేదు. ఇరవై నిమిషాల్లో పుల్లలు, ఎండుటాకులు, నురగ కొట్టుకొచ్చాయి, మేము కూర్చోబోయిన బండ మునిగిపోయింది. తేట నీరు మసకబారడం, ఆకులూ పుల్లలూ ఎక్కువవడం, గలగల కాస్తా హోరుగా మారడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా దిగకండి. ఒడ్డున నీటి అంచులో ఒక పుల్ల గుచ్చి పెట్టండి. అది మునుగుతుంటే నీరు పెరుగుతున్నట్టే. నీటి వేగం రెండింతలైతే కాలి మీద పడే తోపు నాలుగింతలవుతుంది, అందుకే నిన్న దాటిన లోతే ఈరోజు కాలు నిలవనివ్వదు. వేగంగా పారే నీళ్లు జానెడు లోతు ఉన్నా పెద్ద మనిషిని పడదోస్తాయి. వేగం లేకపోయినా మోకాలు దాటితే నేను దిగను. పరుగెత్తి పాలు తాగడం కన్నా నిలబడి నీళ్లు తాగడం మేలని ఊరికే అనలేదు. చిన్న ఒర్రెలు ఎంత త్వరగా పొంగుతాయో, వాన ఆగాక అంత త్వరగా తీస్తాయి. రెండు గంటలు కూర్చుంటే చాలాసార్లు దారి ఇస్తుంది. ఇవ్వకపోతే వెనక్కి వెళ్లిపోవడమే. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి తొమ్మిదింటికి మూసేస్తారు, చీకటి పడేలోగా చేరాలన్న టెన్షన్‌తో దిగినవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడతారు. అందుకే మధ్యాహ్నం రెండింటి తర్వాత కొత్త వాగు ఏదీ దాటకుండా ఉండేలా దారి వేసుకోండి. మల్లెలతీర్థం కూడా మీ లిస్టులో ఉంటే, మూడు వందలకు పైగా మెట్లు దిగాక జలపాతం కింద మడుగు ఉంటుంది, దాన్ని వాగులా అనుకుని అడ్డంగా నడవకండి. లోతు ఒక్కసారిగా పడిపోతుంది.

షుగర్ ఉన్న మీ స్నేహితుడి సంగతి. ఆయన రావచ్చు, కానీ బయలుదేరే ముందు డాక్టరుకు కాళ్లు చూపించి రావాలి. చాలాకాలంగా షుగర్ ఉన్నవాళ్లకు అరికాళ్లలో స్పర్శ తగ్గుతుంది, రాయి గీరుకున్నా, బొబ్బ లేచినా నొప్పి తెలియదు. అలాంటి బొబ్బ మానడానికి వారాలు పడుతుంది, చీము పడితే ఆసుపత్రి దాకా పోతుంది. ఆయన శాండల్స్‌కి వేళ్ల ముందు భాగం కూడా మూసి ఉన్నవి తీసుకోండి. కాళ్లు కడుక్కునే వేడి నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో ఆయన కాలితో కాదు, మీ చేత్తో చూడండి. ప్రతి ఒడ్డునా ఆయన తన అరికాలిని తాను చూసుకోలేరు, మీరే పట్టుకుని చూడండి, వేళ్ల సందులతో సహా. ఎక్కడైనా చర్మం విడిపోయి కనిపిస్తే ఆ రోజు నడక అక్కడితో ఆపి, ఒకరు ఆయనతో వెనక్కి వెళ్లాలి. ఆ ఒకరు ఎవరో హైదరాబాదులో బయలుదేరేటప్పుడే మాట్లాడుకోండి, వాగు ఒడ్డున ఆ మాట ఎత్తడం కష్టం. ఆయనకు మాత్రం సాక్సులు మూడు జతలు కాదు, ఐదు పెట్టండి.